పెట్టెలు పెట్టాల్సిన చోటు

మా వదిన ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే ఉన్నదున్నట్టు చెప్తాను: అట్టపెట్టెలు పేరుస్తుంది. అది వినగానే జనం మొహాలు ఎలా మారతాయో నాకు తెలుసు. ఏ గోడౌన్లోనో కూలిపని అనుకుంటారు. అనుకోనీ, నాకేం పోయింది. సినిమాలో హీరో మేడ మీంచి దూకగానే ఈలలు వేస్తారు కదా, ఆ దూకేది హీరో కాదు. మా ఆయన లాంటివాడొకడు. అతను పడేది నేల మీద కాదు, మా వదిన పేర్చిన ఖాళీ పెట్టెల మీద. ఆ పెట్టెలు నాలుగు మూరలు అటో ఇటో అయ్యాయంటే ఈలలు వెయ్యడానికి సినిమా మిగులుతుంది గానీ మనిషి మిగలడు.

ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషీన్లూ వస్తాయే, ఆ పెద్ద పెట్టెలు. ఒక్కోదానికి మూలల్లో కత్తితో గాటు పెడుతుంది, లోపలి గాలి బయటికి పోవడానికి. గాటు లేకపోతే పెట్టె నలగదు, మనిషిని బంతిలా ఎగరేసి అవతల పడేస్తుంది. ఒకదాని మీద ఒకటి మూడు వరసలు, పైన పాత పరుపులు, ఆ పైన టార్పాలిన్, చుట్టూ తాడు. ఆ తాడు ముడి తనే వెయ్యాలి. ఇంకొకళ్ళు వేసిన ముడిని నమ్మదు, విప్పి మళ్ళీ కడుతుంది. యూనిట్లో అందరూ పెట్టెలమ్మ అంటారు. మా ఆయన అక్కా అంటాడు. నాకు వదిన. మా అన్నయ్య పెళ్ళామని మాత్రమే కాదు, నన్ను నోటికొచ్చినట్టు తిట్టే హక్కు ఈ భూమ్మీద ఆవిడ ఒక్కదానికే ఇచ్చాను కాబట్టి.

నేనూ అదే యూనిట్లో టైలర్ని. హీరో చొక్కా ఎలా ఉంటే మా ఆయనకి అలాంటిదే కుట్టడం, కథలో చిరగాల్సిన చోట ముందే కుట్టు వదులు చెయ్యడం నా పని. మా ఆయన్ని పిల్లి అంటారు. ఎక్కణ్ణించి పడేసినా లేచి దులుపుకుని వచ్చేస్తాడని. ఆ పేరంటే ఆయనకి మహా గర్వం. నాకు మాత్రం ఒళ్ళు మంట.

ఇక మా అన్నయ్య. వాడూ ఒకప్పుడు దూకేవాడే. మా ఆయనకి పరుగు నేర్పింది వాడే. దూకేవాళ్ళకి ఎగరడం కాదు ముఖ్యం, పరుగు. హీరోని ఎవరో తరుముతుంటారు, మేడ అంచు వచ్చిందని అతను చూసుకోడు, పరుగు ఆపకుండా గాల్లోకి అడుగేస్తాడు. ఎప్పుడూ అదే సీను. అప్పట్లో పెట్టెలు ఎక్కడ పెట్టాలో కంటి అంచనాతో చెప్పేవాళ్ళు. ఫైటు మాస్టరు పైకి చూసేవాడు, కిందికి చూసేవాడు, "ఇక్కడ" అనేవాడు. ఒకసారి ఆ ఇక్కడ తప్పింది. అన్నయ్య కాళ్ళు చివరి పెట్టెకి తగిలాయి, నడుము సిమెంటు నేలకి తగిలింది. బతికాడు. ఊతకర్ర లేకుండా మళ్ళీ నడవలేదు.

అప్పటికి వదినకి ఈ పనితో ఏ సంబంధమూ లేదు. డిగ్రీలో చేరి, లెక్కలు ఒక ఏడాది చదివి, పెళ్ళితో మానేసిన మనిషి. అన్నయ్యని ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళిన మర్నాడు వదిన కనిపించలేదు. మేమంతా వెతుక్కుంటుంటే షూటింగు చోటు నుంచి ఎవరో ఫోను చేశారు, ఇక్కడ ఒకావిడ టేపు పట్టుకుని నేల కొలుస్తోంది, మీవాళ్ళేనా అని. మా అమ్మ నోరు ఊరుకుంటుందా. మొగుడు చావు బతుకుల్లో ఉంటే ఇదేం మనిషే, రాయా రప్పా అని ఆసుపత్రి వరండా అదిరేలా తిట్టింది. వదిన బెంచీ చివర కూర్చుని మందుల కవరు మీద ఏదో రాసుకుంది. గోడ అంచు నుంచి నేల మీద నెత్తుటి మరక దాకా ముప్పై అడుగులు. గోడ ఎత్తు ముప్పయ్యారు. వాటిలోంచి తను తీసిన అంకె ఇరవై అయిదో వంతు. ఆ అంకెని మా ఇంట్లో ఎవరూ పైకి అనరు.

తర్వాత అదే మాస్టరు దగ్గరికి వెళ్ళి, ఇక నుంచి పెట్టెలు నేను పెడతానంది. ఆయన కాదనలేకపోయాడు. కాదని ఏ మొహం పెట్టుకుని అంటాడు?

నాకు లెక్కలంటే చిన్నప్పట్నుంచీ చలిజ్వరం. అయినా వదిన పక్కన ఇన్నేళ్ళు కూర్చున్నాక ఈ ఒక్క లెక్క ఒంటికి పట్టేసింది. వదిన ఇలా చెప్పింది. "పరుగు ఆపకుండా అంచు దాటిన మనిషి గాల్లో వంపు తిరిగి దిగుతాడు. అంచు నుంచి ముందుకెంత వెళ్ళాడో అది ఎక్స్ అనుకో. అక్కడ అతను ఎంత ఎత్తులో ఉన్నాడో కావాలంటే, మేడ ఎత్తులోంచి కే ఇంటూ ఎక్స్ వర్గం తీసెయ్యి. అది సున్నా అయిన చోట మనిషి కింద తాకుతాడు. ఆ చోటే ఈ సమీకరణానికి మూలం."

"మరి కే ఏంటి?" అన్నాను.

"తెలియనిది అదే. ఎక్స్ వర్గాన్ని పట్టుకుని ఉండే గుణకం. అది మనిషి పరుగులో ఉంటుంది. గట్టిగా పరిగెత్తేవాడికి చిన్నదవుతుంది, మెల్లగా పరిగెత్తేవాడికి పెద్దదవుతుంది. కానీ పరుగు మారకపోతే ఎంత ఎత్తు నుంచి దూకినా కే మారదు. అందుకే ముందు తక్కువ ఎత్తు నుంచి దూకిస్తాను. ఎక్కడ పడ్డాడో కొలుస్తాను. మూలం తెలిసిందంటే దాన్ని ఎక్స్ ఉన్న చోట పెట్టెయ్యడమే, ఇక కే ఎక్కడ దాక్కుంటుంది?"

అంతే తన విద్య. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. దూకినవాళ్ళంతా పరుపు నడిమధ్యలో పడ్డారు. తప్పబోయింది ఆ ఒక్క రోజే.

ఖాళీ చేసి వదిలేసిన ఒక ఆఫీసు భవనం. సూర్యుడు కిందికి దిగుతుండగా హీరో దాని మేడ మీంచి దూకాలి. ఆ ఎర్రటి వెలుగు కావాలని డైరెక్టరు పట్టు. చీకటి పడగానే తాళం వేసేస్తాను, మర్నాటి నుంచి పడగొట్టే పని మొదలవుతుందని భవనం యజమాని ముందే చెప్పేశాడు. అంటే ఆ సాయంత్రం కాకపోతే ఇక లేదు.

ముందురోజు ఊరి అవతల మా ప్రాక్టీసు షెడ్డులో మా ఆయన తొమ్మిదడుగుల ఎత్తున కట్టిన బల్ల మీంచి పరిగెత్తి దూకాడు. పన్నెండు అడుగుల్లో పడ్డాడు. వదిన నా ముందే లెక్క కట్టింది. తొమ్మిదిలోంచి కే ఇంటూ పన్నెండు పన్నెండ్లు తీసేస్తే సున్నా రావాలి. పన్నెండు పన్నెండ్లు నూట నలభై నాలుగు. కే అంటే నూట నలభై నాలుగులో తొమ్మిది, అంటే పదహారో వంతు. ఈ భవనం అంచు నుంచి పెట్టెల మీది పరుపుకి ముప్పయ్యారడుగులు. ముప్పయ్యారులోంచి ఎక్స్ వర్గంలో పదహారో వంతు తీసేస్తే సున్నా రావాలి. ఎక్స్ వర్గం అయిదు వందల డెబ్బయ్యారు, ఎక్స్ ఇరవై నాలుగు. కాబట్టి పొద్దున్నే ఇరవై నాలుగు అడుగుల దగ్గర సుద్దతో గుర్తు పెట్టి, ఆ గుర్తు నడిమధ్యకి వచ్చేలా పన్నెండు అడుగుల పొడుగున పెట్టెలు పేర్పించింది.

వెలుగు పసుపుపచ్చగా మారుతున్న వేళ కింది గదిలో నేను మా ఆయనకి బూట్లు తొడుగుతున్నాను. హీరో బూట్లు, మడమ పైదాకా లేసులు. కుడి కాలు దూరింది. ఎడమ కాలు దూరలేదు.

"ఈ వయసులో నీ కాలేమైనా పెరుగుతోందా?" అన్నాను.

"బూటు బిగుతుగా ఉంది. గట్టిగా లాగు."

బూటు సైజు నాకు తెలియదా, నేను తెచ్చిందేగా. మేజోడు కిందికి లాగాను. చీలమండ చుట్టూ పట్టీ, మూడు చుట్లు. పట్టీ పైన చర్మం కమిలి నీలంగా ఉంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏంటిది?"

"మొన్న ఫైటులో మెట్టు మీద మెలికపడింది. తగ్గిపోయిందిలే. కావాలంటే చూడు." లేచి ఎడమ కాలి మీద ఒక్కదాని మీదే నిలబడ్డాడు, గెంతాడు కూడా. నిజంగానే తగ్గింది, మొహంలో నొప్పి లేదు. మొగుడు రెండు రాత్రులు చలిగా ఉందని మేజోళ్ళతో పడుకుంటే నిజమే కాబోలనుకున్నాను. నన్ననాలి.

"నిన్న ఎలా ఉంది?" అన్నాను.

"నిన్న కొంచెం లాగింది. అయినా దూకాను కదా."

దూకాను కదా అన్న ముక్క చెవిన పడేసరికి బూటు అక్కడే పారేసి బయటికి పరిగెత్తాను.

వదిన పెట్టెల దగ్గర ఆఖరి ముడి బిగిస్తోంది. "వదినా, నిన్న కాలు నొప్పితో దూకాడట. మనకి చెప్పలేదు. ఇవాళ తగ్గిపోయిందట" అన్నాను ఆయాసంతో.

ఆవిడ చేతులు ముడి మీదే ఆగిపోయాయి. ఇంకేమీ వివరించక్కర్లేకపోయింది. తాడు వదిలేసి తిన్నగా మాస్టరు దగ్గరికి నడిచింది. వెనకాలే మా ఆయన ఒంటి బూటుతో వచ్చాడు, "అక్కా, మాస్టరుకి చెప్పకు" అని బతిమాలుతూ. ఆవిడ వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

"మాస్టరుగారూ, నిన్నటి కొలత పనికిరాదు," అంది. "ఇతను నిన్న కాలు కాపాడుకుంటూ పరిగెత్తాడు. ఇవాళ నొప్పి లేదు. ఒళ్ళు దాచుకోకుండా పరిగెత్తుతాడు. పన్నెండులో పడినవాడు ఇంకెంత దూరం పడేవాడో నాకు తెలియదు."

మాస్టరు మొహంలో నెత్తురు చుక్క లేదు. అన్నయ్య పడిన రోజు ఇక్కడ అని చెయ్యి చూపించింది ఆయనే మరి. "ఒక నాలుగడుగులు ముందుకి జరిపితే?" అన్నాడు నెమ్మదిగా.

"ఎంత జరపాలో తెలియకుండా జరిపితే అది కంటి అంచనాయే. పోనీ జరిపాం అనుకోండి. పైకెళ్ళాక భయమేసి నిన్నటి పరుగే పరిగెత్తాడంటే ఇటు అంచు మీద పడతాడు. జరపలేదనుకోండి. గట్టిగా పరిగెత్తాడంటే అటు అంచు మీద పడతాడు. అంచు మీద పడితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?"

డైరెక్టరు మంచివాడే, అరవలేదు. పెట్టెలు ఇంకో రెండు వరసలు పొడిగించలేమా అన్నాడు. పెట్టెలు అన్నే ఉన్నాయి. ఇంకోసారి ప్రాక్టీసు చేయిస్తే అన్నాడు. తొమ్మిదడుగుల బల్ల ఊరి అవతల షెడ్డులో ఉంది. దాన్ని విప్పి, లారీ ఎక్కించి తెచ్చేసరికి సూర్యుడే కాదు, చందమామ కూడా వచ్చేస్తాడు.

"ఆపెయ్యండి," అన్నాను నేను. "ఈ సీను లేకపోతే కొంపలేం మునగవు."

"నువ్వూరుకో," అన్నాడు మా ఆయన. "నేను మానేస్తే రెండో డూపుని ఎక్కిస్తారు. అతను ఇంత ఎత్తు ఎప్పుడూ దూకలేదు. నా కాలి మెలిక్కి అతన్ని చంపమంటావా?"

అబద్ధాలకోరు మొగుడే గానీ ఆ మాట మాత్రం నిజం.

వదిన నా వైపు చూస్తోంది. నన్ను కాదు, నా నడుముకి వేలాడుతున్న సుద్దమూటని. అంచు మడత గుర్తు పెట్టడానికి గుడ్డలో సుద్దపొడి కట్టుకుని తిరుగుతాను, నిమ్మకాయంత ఉంటుంది. తట్టిన చోటల్లా తెల్లటి మచ్చ పడుతుంది.

"అదిలా ఇవ్వవే," అంది.

ఇచ్చాను. మా ఆయన చేతిలో పెట్టింది. "తమ్ముడూ, ఆ రెండో బూటు తొడుక్కో. ఇక్కడ ఆవరణలోనే, మేడ మీద ఎంత దూరం పరిగెత్తుతావో అంత దూరం పరిగెత్తు. ఈ మూట రొమ్ము ఎత్తున పట్టుకో. ఇదిగో, నేల మీద గీస్తున్న ఈ గీత దగ్గరికి రాగానే వదిలెయ్యి. విసరకు. వేళ్ళు విప్పడమే. పరుగు మాత్రం ఆపకు."

"దీంతో ఏమొస్తుంది?" అన్నాడు డైరెక్టరు.

"మూట ఇతని చేతిలో ఉన్నంతసేపూ ఇతనితో పాటు పరిగెత్తుతూనే ఉంటుంది కదండీ. వదిలేసినంత మాత్రాన పరుగు మర్చిపోదు. మేడ అంచు దాటిన మనిషి ఎలా దిగుతాడో ఇదీ అలాగే దిగుతుంది. ఎత్తొక్కటే తక్కువ. కే మాత్రం ఇతనిదే."

మాస్టరు స్వయంగా గీత పక్కన గొంతుక్కూర్చున్నాడు, చెయ్యి ఎక్కడ విప్పాడో చూడ్డానికి. నేల నుంచి మూట దాకా వదిన టేపు పెట్టి కొలిచింది, నాలుగడుగులు. మా ఆయన వెనక్కి వెళ్ళి పరిగెత్తుకుంటూ వచ్చాడు. మూట ఎక్కడో దూరంగా పడింది.

"విసిరావు. మళ్ళీ," అంది వదిన.

రెండోసారి వదిలాడు. నేల మీద తెల్లటి మచ్చ. వదిన టేపు ఒక కొస నాకిచ్చి గీత మీద పట్టుకోమంది. తను మచ్చ దాకా నడిచి వంగింది. వంగిన మనిషి చాలాసేపు లేవలేదు.

"ఎంత?" అన్నాను.

"పది."

మూడోసారి కూడా పరిగెత్తించింది. మచ్చ మీద మచ్చ పడింది, వేలెడు తేడా లేదు. మళ్ళీ పది.

చెప్పాను కదా, నాకు లెక్కలంటే జ్వరమని. కానీ ఆ లెక్క వదిన నోరు విప్పక ముందే నాకు వచ్చేసింది. నాలుగులోంచి కే ఇంటూ పది పదులు తీసేస్తే సున్నా. కే అంటే వందలో నాలుగు. ఇరవై అయిదో వంతు. మందుల కవరు మీద మా వదిన మొట్టమొదట రాసిన అంకె. పరుగు నేర్పింది మా అన్నయ్యే కదా, వాడి పరుగే ఇతనికి వచ్చింది. వాడి అంకే ఇతనికి వచ్చింది.

వదిన టేపు చుట్టేసుకుంటోంది. "ముప్పయ్యారు ఇంటూ ఇరవై అయిదు తొమ్మిది వందలు. ముప్పై ముప్పైలు. పెట్టెలు ఆరడుగులు ముందుకి జరపాలి మాస్టరుగారూ. నడిమధ్య ముప్పైలో ఉండాలి."

మాస్టరు ఆవిడ మొహంలోకి చూశాడు. ముప్పై ఆయనకీ గుర్తుంది. చొక్కా చేతులు మడుచుకుని తనే మొదట పెట్టె ఎత్తాడు. లైట్లవాళ్ళు, కెమెరావాళ్ళు, మేకప్పువాళ్ళు, ఆఖరికి హీరోగారు కూడా, చేతులున్న ప్రతివాడూ వచ్చి మోశాడు. తాళ్ళు విప్పి, పెట్టెలు దింపి, మళ్ళీ పేర్చి, పరుపులు వేసి, టార్పాలిన్ కప్పేసరికి వెలుగు నారింజరంగుకి తిరిగింది. అన్ని ముడులూ వదినే వేసింది.

పైకి వెళ్ళే ముందు మా ఆయన్ని పక్కకి పిలిచింది. నేనూ అక్కడే ఉన్నాను. "విను," అంది. "ఇప్పుడు పెట్టెలు నీ గట్టి పరుగుకి పెట్టాను. మెల్లగా పరిగెత్తావంటే వాటికి ఇవతలే పడతావు. నొప్పేస్తే ఆగిపో. భయమేస్తే ఆగిపో. ఎన్నిసార్లయినా ఆగు, ఎవడేమన్నా నేను చూసుకుంటాను. కానీ తగ్గించి మాత్రం దూకకు."

"సరే అక్కా."

"నిన్న ఈ నోటితోనే బాగానే ఉందన్నావు."

మా ఆయన తల దించుకున్నాడు. "ఇప్పుడు నిజమే చెప్తున్నాను," అన్నాడు.

పైకెళ్ళాడు. కింద మేమంతా నిలబడ్డాం. నేను వదిన చెయ్యి పట్టుకున్నాను, చల్లగా ఉంది. పైనుంచి అడుగుల చప్పుడు వినిపించింది. పిట్టగోడ తీసేసిన చోట మా ఆయన తల కనిపించింది, ఒళ్ళు కనిపించింది, నేను కళ్ళు మూసుకున్నాను. చప్పుడు రాలేదు. కళ్ళు తెరిస్తే అంచుకి రెండడుగుల ఇవతల నిలబడి ఉన్నాడు, ఒంగి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని.

"కాలా?" అని అరిచింది వదిన.

"కాదక్కా. పెట్టెలు మరీ దూరంగా కనిపిస్తున్నాయి. కాలు దానంతటదే వెనక్కి లాగింది. తగ్గిందనిపించి ఆగిపోయాను."

కెమెరా దగ్గర ఎవరో విసుక్కున్నారు. మాస్టరు అటు చూసిన చూపుకి నోరు మూసుకున్నారు. డైరెక్టరు ఆకాశం చూశాడు, గడియారం చూశాడు. సూర్యుడు ఎదుటి నీళ్ళ ట్యాంకు వెనక్కి సగం దిగాడు. నాకైతే ఇంక చాలు దిగిరా అని అరవాలనిపించింది. తగ్గిందని తెలిసి ఆగినవాడు ఈసారి తెలియకుండా తగ్గితేనో? ఒక్క అడుగు తడబడితే చాలు, ఆ పరుగు నిన్నటి పరుగైపోతుంది, నిన్నటి ఇరవై నాలుగు అడుగుల్లో ఇప్పుడు పరుపు నడిమధ్య లేదు, అంచు ఉంది.

వదిన చెయ్యి విడిపించుకుని ఆవరణ మధ్యకి వెళ్ళింది. "తమ్ముడూ, పెట్టెల్ని చూడకు. అవి నా పని. నువ్వా నీళ్ళ ట్యాంకు చూడు. దాన్ని చూస్తూ పరిగెత్తు. కింద పరిగెత్తలేదూ, మూడుసార్లూ ఒక్కలాగే. అదే పరుగు. ఇంకేం కొత్తగా చెయ్యకు."

"సరే అక్కా."

ఈసారి నేను కళ్ళు మూసుకోలేదు. అడుగుల చప్పుడు, ఆ చప్పుడు మధ్యలో ఎక్కడా సన్నబడలేదు. అంచు దాటాడు. నేను కుట్టిన చొక్కా గాలికి ఉబ్బింది. మనిషి గాల్లో వెల్లకిలా తిరిగాడు. ముందుకి ముందుకి వస్తూనే ఉన్నాడు, ఇక ఆగడేమో, పెట్టెలు దాటి అవతలికి వెళ్ళిపోతాడేమో అనిపించింది. నా పైప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు దభీమని చప్పుడు, పెట్టెలన్నీ ఒక్కసారిగా నలిగి ఊపిరి వదిలిన చప్పుడు. టార్పాలిన్ నడిమధ్యలో గుంట పడి, ఆ గుంటలో మా ఆయన మునిగిపోయాడు.

రెండు చేతులు పైకి లేచాయి. బాగానే ఉన్నానని గుర్తు. జనం అటు పరిగెత్తారు, నేనూ పరిగెత్తాను. ఆయన్ని పైకి లాగి, కావలించుకుని, వీపు మీద రెండు గుద్దులు గుద్దాను. ఇంకెప్పుడైనా ఒంటి మీద దెబ్బ దాచావో, మేజోళ్ళతో సహా బయట పడుకోబెడతానన్నాను. ఏడుస్తూ అన్నాను లెండి.

వదిన మా దగ్గరికి రాలేదు. భవనం గోడ దగ్గర నిలబడి ఉంది. తర్వాత టేపు తీసి గోడ నుంచి గుంట నడిమి దాకా కొలిచింది. కొలిచి, అక్కడే పెట్టెలకి ఆనుకుని నేల మీద చతికిలబడింది. కొంగుతో మొహం కప్పుకుంది. ఇన్నేళ్ళలో తను ఏడవడం నేను చూడలేదు. ఆసుపత్రి వరండాలో మా అమ్మ నానా మాటలన్నప్పుడు కూడా చూడలేదు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆవిడ టేపు తీసుకుని చుట్టి ఇచ్చాను.

చీకటి పడ్డాక ముగ్గురం వదిన వాళ్ళింటికే వెళ్ళాం. అన్నయ్య వాకిట్లో మంచం మీద కూర్చుని, చిరిగిన పెట్టెలకి టేపు అంటిస్తున్నాడు. వాడిప్పుడు చేసే పని అదే. పడిపోయిన రోజు నుంచి ఒక్క షూటింగుకీ రాలేదు. కానీ వదిన ఇంటికి రాగానే ప్రతిసారీ ఒకటే అడుగుతాడు. మనిషి ఎలా ఉన్నాడని అడగడు, వదిన మొహం చూస్తేనే అది తెలిసిపోతుంది.

"ఎంతలో పడ్డాడు?" అన్నాడు.

వదిన చెప్పులు విప్పుతూ ఆగింది. మా ఆయన నా వైపు చూశాడు. నేను నేల చూశాను.

"ముప్పైలో," అంది వదిన.

అన్నయ్య చేతిలో టేపు చుట్ట అలాగే ఉండిపోయింది. ఆవిడ మొహంలోకి చూశాడు, మా ఆయన వైపు చూశాడు, మళ్ళీ ఆవిడ వైపు చూశాడు. తర్వాత చేతిలో ఉన్న పెట్టెని మెల్లగా ఒళ్ళోంచి తీసి పక్కన పెట్టాడు.

"ఈసారి అక్కడ పెట్టెలున్నాయన్నమాట," అన్నాడు. మంచం మీద కొంచెం జరిగి ఆవిడకి చోటిచ్చాడు.